సంతకం పెట్టించుకునే ముందు చెప్పండి: స్లీవ్ ఆపరేషన్ చేసే డాక్టర్లకు ఒక పేషెంటు బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, ఇంకా మన రెండు రాష్ట్రాల్లో బరువు తగ్గే ఆపరేషన్లు ఎక్కడెక్కడ చేస్తున్నారో అక్కడి సర్జన్లందరికీ, ఆ ఆసుపత్రులు నడిపేవాళ్ళకీ నమస్కారం.

నేను బరువు తగ్గడానికి స్లీవ్, అంటే కడుపులో చాలా భాగం తీసేసే ఆపరేషన్, చేయించుకున్న మనిషిని. ముందే ఒక మాట చెప్పేస్తాను, ఈ ఉత్తరం ఆపరేషన్ వద్దని చెప్పడానికి రాయడం లేదు. నాకు షుగర్ మందులు బాగా తగ్గాయి, మెట్లెక్కుతుంటే మోకాళ్ళు పట్టేయడం పోయింది, నిద్రలో ఊపిరి ఆగకుండా రాత్రిళ్ళు ముక్కుకి మాస్కు తగిలించుకుని మెషిన్ చప్పుడు వింటూ పడుకునే బాధ తప్పింది. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది అనే బంధువులు మాకూ ఉన్నారు, వాళ్ళకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఊబకాయం జబ్బు, దానికి ఆపరేషన్ ఒక వైద్యం, అంతే. ఎవరైనా అడిగితే ఇప్పటికీ చేయించుకోమనే చెబుతాను, కాకపోతే ఆ తర్వాత ఇంకో అరగంట మాట్లాడతాను. ఆ అరగంట మాట్లాడాల్సింది నేను కాదు, మీరు. అదే నా గొడవంతా.

నా నంబరు ఎవరి దగ్గరో తీసుకుని కొత్తవాళ్ళు ఫోన్లు చేస్తుంటారు. కొంతమంది చేయించుకోబోయేవాళ్ళు, ఎక్కువమంది చేయించుకుని ఏడాదో రెండేళ్ళో అయినవాళ్ళు. అక్కా, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది, ఇది మామూలేనా? మేడమ్, పడుకుంటే గొంతులోకి పుల్లగా వస్తోంది, ఏం వేసుకోమంటారు? మళ్ళీ ఎనిమిది కిలోలు పెరిగాను, కడుపు సంచి సాగిపోయిందా? ఇవన్నీ మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్నలు. వాళ్ళు నన్నెందుకు అడుగుతున్నారో తెలుసా? డిశ్చార్జి అయ్యాక మీ దగ్గర ఫోనెత్తేది ప్యాకేజీల సంగతి చూసే అబ్బాయి, అతనికి తెలిసింది తర్వాతి అపాయింట్‌మెంటు టైము ఒక్కటే.

అసలు మొదటి నుంచి వద్దాం. కన్సల్టేషన్ రూములో ప్లాస్టిక్ బొమ్మ చూపించి "మీ కడుపుని అరటిపండంత చేస్తాం" అంటారు. చెయ్యడం కాదు కదా సార్, కోసి తీసేయడం. కడుపులో 75 నుంచి 80 శాతం వరకూ స్టేప్లర్‌తో కత్తిరించి బయటికి తీసేస్తారు, మిగిలేది సుమారు 100, 150 మిల్లీలీటర్లు పట్టే సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ పైభాగంలోనే, అందుకే మొదట్లో ఆకలి అన్నదే తెలియదు. తీసేసింది మళ్ళీ రాదు. కడుపు చుట్టూ బ్యాండు బిగించే ఆపరేషనైతే దాన్ని విప్పొచ్చు, స్లీవ్‌ని వెనక్కి తిప్పడం లేదు. నాకు ఫోన్ చేసినవాళ్ళలో ఒకాయన, చదువుకున్నవాడే, బ్యాంకులో పనిచేస్తాడు, కావాలంటే తర్వాత మళ్ళీ మామూలుగా కలిపేయొచ్చు అనుకునే చేయించుకున్నాడు. కడుపు లోపల కుట్లు కుదిస్తారనుకున్నాడట. ఆయన తప్పేం లేదు, "చిన్నది చేస్తాం" అంటే ఎవరికైనా అలాగే అర్థమవుతుంది. (టైటానియం పిన్నులు లోపలే ఉండిపోతాయి కదా, ఎయిర్‌పోర్టులో మెషిన్ మోగుతుందా అని మాత్రం ప్రతి ఒక్కళ్ళూ అడుగుతారు. మోగదు.)

ఇక కాగితాల సంగతి. నాకైతే ఆపరేషన్ ముందురోజు రాత్రి, చేతికి సూది పెట్టేశాక, ఇంగ్లీషులో ఉన్న కట్ట ఒకటి తెచ్చి ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపించారు. అప్పటికే డబ్బు కట్టేశాం, ఆఫీసులో సెలవు పెట్టేశాం, అత్తగారు పిల్లల్ని చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చేసింది. ఆ టైములో ఎవరు చదువుతారు, చదివినా ఎవరు వద్దంటారు? సమీరా కోహ్లీ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది కదా, జరిగే వైద్యం ఏమిటి, దాని వల్ల లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే దారులేమున్నాయి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి సరిపడా చెబితేనే పేషెంటు ఒప్పుకున్నట్టని. రాత్రి పదింటికి వేలు పెట్టి చూపించడం ఏ లెక్కన సరిపడా చెప్పడం అవుతుందో మీరే చెప్పండి.

ఇప్పుడు మీరు చెప్పనివాటిలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది. ఈ ఒక్కదాని గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి.

ఆపరేషన్ అయిన కొత్తలో కొంతమందికి వాంతులు ఆగవు. గబగబా తినడం వల్ల కావచ్చు, ఆ గొట్టం మధ్యలో ఎక్కడో బిగుసుకుపోయి కావచ్చు. పేషెంటు ఊరు మీ ఆసుపత్రికి వంద కిలోమీటర్లు, రెండు వందల కిలోమీటర్లు. రెండు మూడు రోజులు చూస్తారు, ఆపరేషన్ అన్నాక వాంతులు మామూలేలే అని ఇంట్లోవాళ్ళు సర్దిచెబుతారు, నీరసం ఎక్కువయ్యాక వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళతారు. ఆయన ఏం చేస్తాడు? మన దగ్గర నీరసానికి ఒకటే మందు, గ్లూకోజు బాటిల్ ఎక్కించడం. పాపం ఆయన ఉద్దేశం మంచిదే. కానీ వారాల తరబడి సరిగ్గా తినకుండా, తిన్నది కక్కేస్తున్న మనిషి ఒంట్లో బి1 విటమిన్, అదే థయామిన్, అడుగంటిపోయి ఉంటుంది. ఒంట్లో దాని నిల్వలు రెండు మూడు వారాలకు మించి రావు. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే, మిగిలిన ఆ కాస్తా గ్లూకోజుని అరిగించడానికే ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, కనుగుడ్లు వాటంతటవే కదలడం, నడుస్తుంటే తూలడం, అయోమయంగా మాట్లాడటం, అరికాళ్ళు మొద్దుబారడం, ఇవన్నీ దాని గుర్తులు. వెర్నికీ జబ్బు అంటారు దీన్ని. వెంటనే థయామిన్ ఇంజెక్షన్లు పడితే చాలావరకు బాగవుతుంది, ఆలస్యమైతే మతిమరుపు జీవితాంతం ఉండిపోవచ్చు.

ఇది మీకు తెలియనిది కాదు. మీ పుస్తకాల్లో ఉన్నదే. మరి డిశ్చార్జి కాగితం మీద ఎందుకు లేదు? "ఈ పేషెంటుకి కడుపు ఆపరేషన్ అయింది, వాంతులు అవుతుంటే ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వండి, అది పడకుండా గ్లూకోజు ఎక్కించవద్దు, మాకు ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని తెలుగులో నాలుగు లైన్లు, ఎర్ర అక్షరాలతో, ఏ ఊళ్ళో ఏ డాక్టరైనా చదవగలిగేటట్టు ఒక కార్డు. పర్సులో పెట్టుకునేంత. లక్షల్లో బిల్లు వేసే చోట దీనికెంత ఖర్చవుతుంది సార్? పట్టుమని పది రూపాయలు కూడా కాదు. ఆపరేషన్ అయినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ డాక్టరు ఇచ్చేదాకా ఆగకుండా ఆ నాలుగు లైన్లు మీరే ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకి చూపించి పెట్టుకోండి.

మిగతా విటమిన్ల కథ ఇంత తొందరగా మీద పడదు కానీ అది జీవితాంతం ఉంటుంది. "ఆరు నెలలు వేసుకోండి" అని రాసిచ్చేవాళ్ళని చూశాను. ఆరు నెలలు కాదు, బతికున్నంత కాలం. మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్. కడుపు చాలా భాగం తీసేశాక బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. దానికి తోడు మనవాళ్ళలో చాలామంది షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు, అది బి12ని తగ్గిస్తుంది, పొద్దున్నే గ్యాస్ ట్రబుల్‌కి పాంటాప్రజోల్ వేసుకుంటారు, అదీ తగ్గిస్తుంది, పైగా శాకాహారులైతే తిండిలోంచి వచ్చేదే అంతంతమాత్రం. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసినప్పుడు కాళ్ళు చేతులు తిమ్మిర్లెక్కితే షుగర్ వల్లే అనుకుని ఊరుకుంటారు. కాల్షియం అని అడిగితే మెడికల్ షాపులో ఎక్కువగా ఇచ్చేది కార్బొనేట్, అది ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, మాకు సిట్రేట్ అయితే మేలు. ఐరన్, కాల్షియం కలిపి మింగితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, కనీసం రెండు గంటలు తేడా ఉండాలి, ఐరన్ వేసుకుని వెంటనే టీ తాగకూడదు. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్ళయితే ఈ ఐరన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ఇదంతా ఒక పేజీలో రాసివ్వచ్చు. ఏడాదికోసారి ఏయే రక్తపరీక్షలు చేయించుకోవాలో ఆ పేజీ వెనకాల రాయొచ్చు. ఊళ్ళో ఉన్న ల్యాబ్‌కి వెళ్ళి మేమే చేయించుకుంటాం, దానికి మీ దగ్గరిదాకా రానక్కర్లేదు.

తర్వాతది మంట. ఛాతీలో మంట, గొంతులోకి పులుపు, రాత్రి దగ్గు. స్లీవ్‌కి ఇది చుట్టమే. గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి తంతుంది. ఫిన్లాండ్‌లో 240 మంది మీద స్లీవ్‌నీ బైపాస్‌నీ (కడుపుని చిన్న సంచిగా విడదీసి నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్) పోల్చిన పరిశోధన ఒకటుంది, స్లీవ్‌పాస్ అంటారు, దాని పదేళ్ళ ఫలితాలు 2022లో వచ్చాయి. యాసిడ్ వల్ల అన్నవాహిక లోపల వాపు స్లీవ్ వాళ్ళలో 31 శాతం మందికి కనిపిస్తే, బైపాస్ వాళ్ళలో 7 శాతం మందికే కనిపించింది. అంటే ఆపరేషన్‌కి ముందే మంట బాగా ఉన్న మనిషికి స్లీవ్ కాకుండా బైపాస్ గురించి ఆలోచించాలి. అది తేల్చాలంటే ముందు ఎండోస్కోపీ చెయ్యాలి, పొట్ట పైభాగం ఛాతీలోకి జారి ఉందేమో చూడాలి. చాలామంది మంచి సర్జన్లు చేస్తారు, నాకు తెలుసు. చెయ్యకుండా ప్యాకేజీలో ఏది చవకైతే అది, ఏది తొందరగా అయిపోతే అది చేసేవాళ్ళూ ఉన్నారు. నేను ఇప్పటికీ పొద్దున్నే మాత్ర వేసుకుంటాను, తలవైపు మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని పడుకుంటాను. మంట వచ్చే అవకాశం ఉందని ముందు చెప్పుంటే మానేసేదాన్నా అంటే, మానేసేదాన్ని కాదేమో, కానీ బైపాస్ సంగతి ఏమిటని కనీసం అడిగేదాన్ని. కొన్నేళ్ళకోసారి మంట ఉన్నా లేకపోయినా ఎండోస్కోపీ చేయించుకుంటే మంచిదని కూడా వేరే ఊళ్ళో ఇంకో డాక్టరు చెబితే తెలిసింది.

బరువు లెక్కలు. ఇక్కడ మీరు అబద్ధం చెప్పరు, అర్థం కాకుండా నిజం చెబుతారు. "60 శాతం తగ్గుతారు" అంటారు. వినేవాళ్ళు ఒంటి బరువులో 60 శాతం అనుకుంటారు. మీరనేది ఎక్కువగా ఉన్న బరువులో 60 శాతం. ఐదడుగుల నాలుగంగుళాల మనిషి 116 కిలోలు ఉందనుకోండి. ఆ ఎత్తుకి ఉండాల్సింది 66 అని లెక్కేస్తే, ఎక్కువ ఉన్నది 50 కిలోలు. అందులో 60 శాతం అంటే 30 కిలోలు. అంటే ఆమె 86 దగ్గర ఆగుతుంది. 116 నుంచి 86 రావడం చిన్న సంగతి కాదు, ఆమె బీపీకీ షుగర్‌కీ మోకాళ్ళకీ అది పెద్ద వరమే. కానీ ఆమె మనసులో పెట్టుకున్నది మీ బ్రోచర్ మీద జీన్స్ ప్యాంటు వెడల్పుగా పట్టుకుని నవ్వుతున్న అమ్మాయిని. 86 దగ్గర ముల్లు ఆగిపోగానే తనే ఏదో పాపం చేసినట్టు కుమిలిపోతుంది. కిలోల్లో చెప్పండి. మొదటి ఏడాదికి ఇంత, ఐదేళ్ళకి ఇంత, పదేళ్ళకి ఇంత అని చెప్పండి. ఆ ఫిన్లాండ్ లెక్కలోనే పదేళ్ళకి స్లీవ్ వాళ్ళు నిలబెట్టుకున్నది ఎక్కువ బరువులో 43.5 శాతం, అంటే పైన చెప్పిన ఆమెకి దాదాపు 22 కిలోలు. కొంత తిరిగి పెరగడం మామూలే అని ముందే తెలిస్తే పెరిగినప్పుడు సిగ్గుపడి మీ దగ్గరికి రావడం మానేయరు. మీరు ఫాలోఅప్‌కి రావట్లేదని మమ్మల్ని అంటారు గానీ, సగం మంది రానిది ఆ సిగ్గుతోనే.

షుగర్ గురించి కూడా అంతే. "శాశ్వత పరిష్కారం" అన్న మాట హోర్డింగుల మీంచి తీసేయండి దయచేసి. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు చేసిన స్టాంపీడ్ పరిశోధనలో ఐదేళ్ళ తర్వాత మూడు నెలల షుగర్ సగటు 6 లేదా అంతకంటే తక్కువకి వచ్చినవాళ్ళు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, ఒట్టి మందుల మీద ఉన్నవాళ్ళలో 5 శాతం. చూడండి, 5 ఎక్కడ, 23 ఎక్కడ! మంచి ఫలితమే, చెప్పుకోదగ్గదే. కానీ 23 అంటే వందలో 77 మందికి ఆ అంకె రాలేదనే కదా. మందులు తగ్గుతాయి, కొంతమందికి ఆగుతాయి, చాలా ఏళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకి ఆగే అవకాశం తక్కువ. ఇంత మాట చెబితే పేషెంట్లు పారిపోరు. మా తెలివి మీద ఆ మాత్రం నమ్మకం పెట్టుకోండి.

ఆపరేషన్‌లో ప్రమాదం గురించి అన్యాయంగా మాట్లాడను. చేయి తిరిగిన చోట ప్రాణం పోయేది వెయ్యిలో ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది, చాలా ఇతర ఆపరేషన్లతో పోలిస్తే ఎక్కువేం కాదు. స్టేపుల్ చేసిన చోట నుంచి లీకు కావడం వందలో ఒకరిద్దరికి. కాకపోతే ఆ లీకు ఆసుపత్రిలో ఉండగానే తెలియాలని లేదు, ఇంటికొచ్చిన వారానికీ పది రోజులకీ కూడా బయటపడొచ్చు. గుండె దడదడా కొట్టుకోవడం, జ్వరం, ఎడమ భుజం నొప్పి, ఊపిరి అందకపోవడం ఉంటే గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగుతూ కూర్చోకుండా ఆ రాత్రే బయల్దేరాలి. కాళ్ళలో రక్తం గడ్డకట్టడం ఇంకోటి, అందుకే మొదటి రోజు నుంచే నడవమంటారు. పడుకోబెట్టి సేవ చేద్దామనుకునే మా అమ్మలకీ అత్తలకీ ఇది మీరే చెప్పాలి, మేం చెబితే వినరు.

తిండి చార్టు సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. బ్రోకలీ, గ్రీక్ యోగర్ట్, అవకాడో, కినోవా. తెనాలిలో కినోవా ఎవరమ్ముతారండీ? మొదటి వారాల్లో పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, వడగట్టిన సూపు, పాలు, తర్వాత మెత్తగా చేసిన పప్పు, గుడ్డు, మెత్తటి చేప అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. రోజుకి 60 గ్రాములు, వీలైతే 80 దాకా ప్రోటీన్ కావాలి అని చెప్పి వదిలేస్తారు. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 లేదా 7, కప్పు ఉడికిన పప్పులో 8 ఉంటాయి, నాలుగు ముద్దలే పట్టే కడుపుతో 60 చేరాలంటే ముందు ప్రోటీన్ తిని ఆ తర్వాతే అన్నం సంగతి చూడాలి, అని లెక్క విప్పి చెప్పండి. మన పళ్ళెంలో అన్నం కొండలా ఉండి, కూర పక్కన గోరంత ఉంటుంది, అది తిరగబడాలి. అన్నం తింటూ నీళ్ళు తాగకూడదన్నది మనవాళ్ళకి అన్నిటికన్నా కష్టం, పక్కన చెంబు లేకపోతే ముద్ద దిగదు. అరగంట ఆగాలి. జుట్టు మూడో నెల నుంచి ఆరో నెల మధ్యలో ఊడుతుంది, ఎక్కువమందికి మళ్ళీ వస్తుంది, ఆ మాట ముందే చెబితే వేలకు వేలు పోసి నూనెలు కొనరు. చెప్పాల్సింది ఇంకోటుంది, చికెన్ రెండు ముక్కలకే అడ్డం పడుతుంది కానీ ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింకు, కారప్పూస, పూతరేకు మాత్రం హాయిగా జారిపోతాయి. మళ్ళీ పెరిగేది ఎక్కువగా ఆ దారిలోనే, సంచి సాగి కాదు. పెళ్ళిలో పక్కన కూర్చున్న పెద్దమ్మ "ఇంతేనా, ఒక్క ముద్దన్నా తినవే" అన్నప్పుడు ఏం చెప్పాలో కూడా మీ డైటీషియన్ ఒకసారి మాట్లాడితే బాగుంటుంది, నవ్వకండి, కొత్తలో అది నిజంగానే పెద్ద టెన్షన్.

మగవాళ్ళకి మందు గురించి చెప్పండి, ఆడవాళ్ళకీ. స్లీవ్ తర్వాత ఆల్కహాల్ రక్తంలోకి తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది, ఇదివరకు రెండు పెగ్గులకి ఎక్కేది ఇప్పుడు ఒకటికే ఎక్కొచ్చు, బండి మీద ఇంటికెళ్ళే మనిషికి ఇది తెలియాలి. తిండితో తీరే దిగులు మందు వైపు మళ్ళేవాళ్ళూ ఉంటారు. పీసీఓడీ ఉండి పిల్లలు కలగక ఆపరేషన్‌కి వచ్చే అమ్మాయిలకి, బరువు తగ్గగానే నెలసరి గాడిలో పడి ఎవరూ అనుకోని టైములో గర్భం రావచ్చని చెప్పండి, 12 నుంచి 18 నెలలు ఆగాలని ఆ అమ్మాయికి ఒక్కదానికే కాదు, భర్తని, అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పండి. మన ఇళ్ళలో ఆ నిర్ణయం ఆ పిల్ల ఒక్కదాని చేతిలో ఉండదని మీకు తెలియనిదా. వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు వస్తాయనీ, రాకుండా కొన్ని నెలలు మాత్ర ఇవ్వొచ్చనీ, పొట్ట మీదా చేతుల కిందా చర్మం వేలాడుతుందనీ, అది సరిచేసే ఆపరేషన్‌ని ఇన్సూరెన్సు వాళ్ళు సాధారణంగా అందం కోసం అని పక్కన పెట్టేస్తారనీ కూడా.

ఇన్సూరెన్సు అంటే గుర్తొచ్చింది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు కొత్త మార్గదర్శకాలు ఇచ్చాయి, బీఎంఐ (ఎత్తుతో బరువుని పోల్చే లెక్క) 35 దాటితే వేరే జబ్బులు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు, ఆసియావాళ్ళకైతే 27.5 నుంచే అని. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి 27.5 అంటే 73 కిలోలే. మీ కౌన్సెలర్లు ఈ అంకె పట్టుకుని మీకు అర్హత ఉంది అంటారు. కానీ మన దగ్గర ఇన్సూరెన్సు కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం పాలసీ డబ్బు రావాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, అదుపులో లేని షుగరో ఉండాలి, అది కూడా వేరే పద్ధతులు పనిచేయలేదని చూపించాక. అదే మనిషికి 40 అంటే దాదాపు 106 కిలోలు. 73కీ 106కీ మధ్యలో ఉన్నవాళ్ళలో చాలామంది క్యాష్‌లెస్ వస్తుందనుకుని చేరి, చివరి నిమిషంలో రిజెక్ట్ అయితే బంగారం తాకట్టు పెట్టి కడతారు. వైద్యానికి అర్హత వేరు, పాలసీకి అర్హత వేరు అని మొదటి రోజే చెప్పండి, అడ్వాన్సు తీసుకోకముందు.

ఇంకో దారి కూడా ఇప్పుడుంది. బరువు తగ్గించే మందులు, 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. వారానికో ఇంజెక్షన్. మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది, నెలనెలా ఖర్చు, వాంతులు, కడుపులో వికారం. బీఎంఐ 45 ఉన్నవాళ్ళకి ఆపరేషనే మేలని మీరనొచ్చు, నేనూ ఒప్పుకుంటాను. కానీ 31, 32 ఉన్న మనిషికి ఈ పేరు కూడా ఎత్తకుండా నేరుగా థియేటర్ డేటు ఇవ్వడం న్యాయం కాదు. ఎండోక్రైనాలజిస్టుని, అంటే హార్మోన్ల డాక్టరుని, ఒకసారి కలిసి రమ్మనండి. తిరిగి వచ్చేవాళ్ళు మీ దగ్గరికే వస్తారు, ఇంకా నమ్మకంతో వస్తారు.

నేనడిగేవి పెద్దవేం కాదు. అంగీకార పత్రం తెలుగులో ఇవ్వండి, ఆపరేషన్‌కి కనీసం వారం ముందు ఇచ్చి ఇంటికి పంపండి, ప్రశ్నలు రాసుకుని రమ్మనండి, ఆ ప్రశ్నలకి జవాబు సర్జన్ చెప్పాలి, ప్యాకేజీ డెస్కు కాదు. మీ దగ్గర చేయించుకుని ఐదేళ్ళు దాటినవాళ్ళలో ఒకరిద్దరితో, వాళ్ళు సరేనంటే, మాట్లాడనివ్వండి, ఆరు నెలల ఫొటోలు చాలు ఇక. ఆపరేషన్ నోట్సు కాపీ అడక్కుండానే ఇవ్వండి, ఎందుకంటే రేపు ఏదైనా అయితే వేరే ఊళ్ళో డాక్టరుకి చూపించాల్సింది అదే. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, అయినా నా నోట్సు కోసం నేను తిరిగిన తిరుగుడు నాకు తెలుసు. ఏడాది దాటాక కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఇవ్వండి, అటువైపు నర్సో డైటీషియనో ఉండాలి.

వీటిలో ఒక్కటే మొదలుపెట్టగలం అనుకుంటే ఆ ఎర్ర అక్షరాల కార్డుతో మొదలుపెట్టండి. అందులో రాయాల్సిన మాటలు పైన రాసే ఉన్నాయి, మీ ఆసుపత్రి పేరూ నంబరూ వేసి అచ్చేసుకోండి, నన్నడగాల్సిన పని లేదు.

ఇట్లు,
స్లీవ్ చేయించుకున్న ఒక పేషెంటు,
గుంటూరు జిల్లా